సహాధ్యాయి, సతీర్థ్యుడు, క్లాస్‌మేట్: ఏ మాట ఎక్కడిది?

మీ పదో తరగతి కలయిక ఫ్లెక్సీ ఇంకా ప్రింటుకి ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ముందు ఇది చూసుకోండి, మిగతాది తీరిగ్గా చదవచ్చు: సహాధ్యాయి. హకి దీర్ఘం, తర్వాత ఒత్తు ధ, దాని కింద య వత్తు. బహువచనం సహాధ్యాయులు. సహధ్యాయి తప్పు, సహాద్యాయి తప్పు, మీ గ్రూపులో ఒకాయన పట్టుబడుతున్న సహోధ్యాయి ఇంకా పెద్ద తప్పు.

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. 1998 పదో తరగతి వాళ్ళందరూ కలుసుకుంటున్నారు. బ్యానర్ మీద ఏం రాయాలని వాట్సాప్‌లో మొదలైన చర్చ గొడవదాకా వెళ్ళింది. ఒకరు సహాధ్యాయులు అన్నారు, ఒకరు దాన్ని ఇంకోలా రాశారు, ఇంకొకరు అసలీ సంస్కృతం మనకెందుకు, క్లాస్‌మేట్స్ అని పెడితే పోలా అన్నారు, చివరికి ఎవరో అచ్చ తెలుగు మాటే లేదా అని అడిగారు. ఈ మాటకి అసలు అర్థమేమిటి, ఎక్కణ్ణించి వచ్చింది, దీనికి తెలుగు మాట ఎందుకు లేదు. మూడూ మంచి ప్రశ్నలే, మూడోది మరీ మంచిది. నేను 34 ఏళ్ళు హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ సహో సంగతి తేల్చేద్దాం. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో పాత పిల్లలు ఇలాగే కలుసుకుని నన్ను పిలిచారు. వేదిక వెనకాల ఇరవై అడుగుల ఫ్లెక్సీ, దాని మీద కొట్టొచ్చినట్టు 'సహోధ్యాయుల ఆత్మీయ సమ్మేళనం'. సరిగ్గా దాని కిందే నాకు కుర్చీ వేశారు. నా పక్కనే కూర్చున్న లెక్కల మాస్టారు తలెత్తి చూసి, నా వైపు వంగి, "ఏమండీ తెలుగు మాస్టారూ, ఈ పిల్లలకి చెప్పింది మీరే కదూ" అన్నారు. ఆ రోజు శాలువా కప్పించుకోడానికి కూడా మొహం చెల్లలేదు నాకు. తర్వాత ఆలోచిస్తే తప్పు ఎలా వచ్చిందో తెలిసింది. సహోదరుడు, సహోద్యోగి అని రోజూ వింటాం, చెవికి సహో అలవాటైపోయింది. కానీ అక్కడ సహ పక్కన ఉన్నవి ఉదరం, ఉద్యోగి. అకారం పక్కన ఉకారం వస్తే ఓ అవుతుంది, గుణసంధి. మన మాటలో సహ పక్కనున్నది అధ్యాయి. అ పక్కన అ, కాబట్టి సవర్ణదీర్ఘం, సహాధ్యాయి. ఎనిమిదో తరగతి సంధులే, అంతకు మించి ఏమీ లేదు.

మరి అధ్యాయి అంటే? ఇక్కడే అసలు రుచి ఉంది. సంస్కృతంలో ఇ అనే ధాతువుకి వెళ్ళడం అని అర్థం. దాని ముందు అధి అనే ఉపసర్గ చేరితే చదవడం, అభ్యసించడం అని అర్థం మారిపోతుంది. ధాతువుల పట్టిక ధాతుపాఠంలో చదవడం అనే అర్థానికి ఇఙ్ అని వేరే ధాతువే చెప్పి, ఇది అధి లేకుండా ఎప్పుడూ రాదని కూడా అన్నారు. అంటే చదువుకునే క్రియకే ఒక తోడు తప్పనిసరి అన్నమాట, వ్యాకరణంలోనే. (ఈ ముక్క క్లాసులో చెబితే వెనక బెంచీవాళ్ళు మాత్రం బాగా నవ్వేవారు, కాపీ కొట్టడానికి శాస్త్రప్రమాణం దొరికిందని.) ఈ ఒక్క మొక్క నుంచే అధ్యయనం, అధ్యాయం, అధ్యాపకుడు, అధ్యేత, స్వాధ్యాయం, ఉపాధ్యాయుడు అన్నీ వచ్చాయి. అధ్యక్షుడు మాత్రం ఈ ఇంటివాడు కాదు, అది వేరే కుదురు, ఆ పోలిక చూసి మోసపోకండి. దగ్గరికి చేరి ఎవరి దగ్గర చదువుకుంటామో ఆయన ఉపాధ్యాయుడు. మనువు మాత్రం జీతం తీసుకుని వేదంలో కొంత భాగమో వేదాంగాలో చెప్పేవాడు ఉపాధ్యాయుడు, అంతకంటే పైవాడు ఆచార్యుడు అని తేడా పెట్టాడు. మా ఉపాధ్యాయ సంఘం మీటింగుల్లో ఈ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు.

ఉపాధ్యాయుడు జనం నోళ్ళలో నలిగి నలిగి ప్రాకృతంలో ఉవజ్ఝాయ అయ్యాడు, ఇంకా అరిగి ఒజ్ఝా అయ్యాడు, తెలుగులోకి వచ్చేసరికి ఒజ్జ. పాత పద్యాల్లో ఒజ్జలు అంటే గురువులే. ఉత్తరాదిలో ఓఝా, ఝా అని ఇంటిపేర్లు ఉన్నవాళ్ళు తగిలితే వాళ్ళది కూడా ఇదే మాట. అంత పొడుగు ఉపాధ్యాయుణ్ణి అరగదీసి రెండక్షరాలు చేసుకున్న మనవాళ్ళు సహాధ్యాయిని మాత్రం ఎందుకు అరగదీయలేదు? దాన్ని ఎవరూ నోటితో వాడలేదు కాబట్టి. నోట్లో పడితేనే మాట అరుగుతుంది. ఇది పుస్తకాల్లో, పేపర్లలో, సన్మానపత్రాల్లో, సంతాప సందేశాల్లో మాత్రమే బతికిన మాట, అందుకే కొత్త నోటులా మడత పడకుండా అలాగే ఉంది.

అలాగని దాన్ని తీసిపారేయకండి. మీ బడిలో ప్రార్థనకి 'సహ నావవతు' చెప్పించేవారా? తైత్తిరీయోపనిషత్తులోని శాంతిమంత్రం. అందులో 'తేజస్వి నావధీతమస్తు' అని వస్తుంది. మనం చిన్నప్పుడు నావధీ తమస్తు అని ఎక్కడ పడితే అక్కడ విరిచి పాడేవాళ్ళం. అది నౌ అధీతమ్ అస్తు. మనిద్దరి చదువు తేజస్సుతో ఉండుగాక అని. ఆ సహ, ఈ అధీతం, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, సహాధ్యాయిలోని రెండు ముక్కలూ అక్కడే ఉన్నాయి. కాకపోతే ఆ మంత్రంలో మనిద్దరం అంటే గురువూ శిష్యుడూ, ఇద్దరు శిష్యులు కాదు. ఆ వెంటనే 'మా విద్విషావహై' అని కూడా ఉంది, ఒకరినొకరం ద్వేషించుకోకుందాం అని. మీ వాట్సాప్ గ్రూపుకి ఆ ముక్క పనికొస్తుందేమో చూడండి.

మీరు అడగలేదు గానీ అసలు నాకు ఇష్టమైన మాట వేరే ఉంది, సతీర్థ్యుడు. దీన్ని చెప్పగానే పిల్లలు సతి కోసం తిరిగేవాడా మాస్టారూ అనేవారు. కాదు. స అంటే సమానమైన, ఒకే. తీర్థం అంటే రేవు, నదిలోకి దిగే మెట్ల చోటు, దాటే చోటు. తరించడంలో ఉన్న ధాతువే ఇక్కడా ఉంది. మనల్ని దాటించేవాడు గురువు కాబట్టి గురువుకి కూడా తీర్థం అనే పేరు వచ్చింది. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దీని కోసం ఒక సూత్రమే రాశాడు, 'సమానతీర్థే వాసీ' అని, అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం నాలుగో పాదంలో 107వది. ఒకే తీర్థంలో ఉండేవాడు సతీర్థ్యుడు. ఇక్కడ తీర్థమంటే గురువని పాణిని సూత్రాలకి వ్యాఖ్యానమైన కాశికావృత్తి విప్పి చెప్పింది. సంస్కృత నిఘంటువు అమరకోశం ఇంకా క్లుప్తం: 'సతీర్థ్యాస్త్వేకగురవః'. ఒకే గురువు ఉన్నవాళ్ళు సతీర్థ్యులు, అంతే. కోనసీమ వాళ్ళకి తీర్థం అంటే జగ్గన్నతోట ప్రభల తీర్థం, కనుమ నాడు. మా ఇంట్లో ఒకావిడ సతీర్థ్యులంటే కలిసి తీర్థానికి వెళ్ళినవాళ్ళు అనుకునేది చాలాకాలం. ఆలోచిస్తే మరీ తప్పేమీ కాదు.

ఇప్పుడు ఈ రెండు మాటల మధ్య తేడా చూడండి, మీ బ్యానర్‌కి ఇదే కావాలి. సహాధ్యాయిలో ఉన్నది కలిసి చదవడం. సతీర్థ్యుడిలో ఉన్నది ఒకే గురువు. కలిసి చదివినవాళ్ళకి గురువు ఒక్కరే అవుతారు, సాధారణంగా. కానీ ఒకే గురువు దగ్గర చదివినవాళ్ళంతా కలిసి చదివి ఉండక్కర్లేదు. మీరు 1998లో చదివారు, మీ తమ్ముడు 2003లో అదే మాస్టారి దగ్గర చదివాడు అనుకోండి, మీరిద్దరూ సతీర్థ్యులు, సహాధ్యాయులు కారు. అదే మీ క్లాసులో ఎ సెక్షన్‌కి ఒక మాస్టారు, బి సెక్షన్‌కి ఇంకో మాస్టారు ఉంటే లెక్క తిరగబడుతుంది.

సంగీతంలో ఈ మాట ఇప్పటికీ సరిగ్గా అతుకుతుంది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు ఇద్దరూ శ్రీపాద పినాకపాణి శిష్యులు. వాళ్ళని క్లాస్‌మేట్స్ అంటే నవ్వొస్తుంది, సతీర్థ్యులు అంటే చక్కగా కూర్చుంటుంది. కవుల్లో అయితే మనకి ఇంకా గొప్ప లెక్క ఉంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకున్నారు. ఆ ఇద్దరు సతీర్థ్యులే తిరుపతి వేంకట కవులయ్యారు, ఊరూరా అవధానాలు చేశారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా చెళ్ళపిళ్ళ తాను రాసినదానికి జంట పేరే పెట్టుకున్నారు. ఆయన బందరులో హైస్కూలు పండితుడిగా ఉన్నప్పుడు శిష్యులైనవాళ్ళే విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు. వీళ్ళు మళ్ళీ సతీర్థ్యులు, అందులో ఇద్దరు మళ్ళీ జంటకవులు, పింగళి కాటూరి కవులని. ఒకే రేవులో దిగినవాళ్ళు ఇద్దరిద్దరుగా ఒడ్డెక్కినట్టు. మన సాహిత్యంలో జంటకవులంటే అన్నదమ్ములో స్నేహితులో అనుకుంటాం గానీ అసలు ముడి చాలాచోట్ల గురువు గారి అరుగు మీదే పడింది.

పురాణాల్లో ఈ చుట్టరికం మంచికీ చెడ్డకీ రెండింటికీ కనిపిస్తుంది. కృష్ణుడూ కుచేలుడూ సాందీపని దగ్గర చదివి, కట్టెలకి అడవికి వెళ్ళి గాలివానలో రాత్రంతా చిక్కుకుపోతారు, ఆ రాత్రి సంగతి కృష్ణుడు ఎన్నో ఏళ్ళకి అటుకులు తినే రోజున గుర్తు చేస్తాడు. ద్రోణుడూ ద్రుపదుడూ కూడా కలిసి చదివినవాళ్ళే, ఆ కథ ఎక్కడ తేలిందో మీకు తెలుసు. రాజుకీ పేదకీ స్నేహమేమిటని ఒక్క మాట అన్నందుకు రెండు తరాలు కొట్టుకున్నాయి. రీయూనియన్లో ఎవరు ఏ కారులో దిగారో చూసేటప్పుడు ఈ రెండో కథ గుర్తు పెట్టుకోవడం మంచిది.

అమరకోశంలో ఇంకో మాట కూడా ఉంది, సబ్రహ్మచారి. ఒకే వేదశాఖ, ఒకే వ్రతం పట్టిన విద్యార్థులు. దీన్ని బ్యానర్ మీద వేయకండి దయచేసి, ఇప్పుడు అర్థం పూర్తిగా మారిపోయింది, మీ ఆవిడలు ఊరుకోరు.

సరే, క్లాస్‌మేట్ సంగతి. ఇది కూడా ఊరికే తీసిపారేసే మాట కాదు. మేట్ అనేది ఇంగ్లీషులోకి పాత జర్మన్ మాటల నుంచి వచ్చింది, దాని వేరు తిండి. మీట్ అంటే ఇప్పుడు మాంసం గానీ పాత ఇంగ్లీషులో ఆ మాటకి అన్నం, తిండి అని మామూలు అర్థం. కలిసి తినేవాడు మేట్. క్లాస్ లాటిన్ నుంచి, క్లాసిస్ అంటే రోమ్‌లో ఆస్తిని బట్టి పౌరుల్ని విడదీసిన వర్గం. కంపానియన్ అనే మాట కూడా అంతే, కలిసి రొట్టె తినేవాడు. ఇక మీ అందరి నోటా నలిగే బ్యాచ్ ఉంది చూశారూ, అది బేకింగ్ నుంచి పుట్టింది, పొయ్యిలో ఒకసారికి కాల్చే రొట్టెలు ఒక బ్యాచ్. మనకి దానికి సరిగ్గా సరిపోయే మాట వంటింట్లోనే ఉంది, వాయి. మొదటి వాయి గారెలు, రెండో వాయి గారెలు అంటాం కదా, బ్యాచ్ అంటే అదే. ఆ లెక్కన బ్యాచ్‌మేట్ అంటే ఒకే వాయిలో వేగి, ఒకే చోట తిన్నవాడు. ఈ బ్యాచ్‌మేట్ అనే మాట ఇంగ్లండు వాళ్ళ కంటే మన దేశంలోనే ఎక్కువ వాడతారు, ఐఏఎస్ ఆఫీసర్ల దగ్గర్నించి ఐటీఐ కుర్రాళ్ళ దాకా. అలుమ్నై అని మీ ఆహ్వానపత్రంలో ఒకాయన రాశారు చూడండి, దానికి మూలమైన అలుమ్నస్ లాటిన్‌లో పెంపుడు బిడ్డ, అన్నం పెట్టి పెంచిన బిడ్డ. అదీ తిండే.

సరదాగా చూస్తే వాళ్ళ మాటలన్నీ కంచం చుట్టూ తిరిగాయి, మన పాత మాటలు గురువు చుట్టూ తిరిగాయి. దీని మీద మరీ పెద్ద సిద్ధాంతం కట్టకండి, మాటల పుట్టుక చూసి జాతుల బుద్ధులు చెప్పేవాళ్ళంటే నాకు పడదు. నా చివరి పదేళ్ళ సర్వీసులో మధ్యాహ్న భోజనం వడ్డించేటప్పుడు పక్కన నిలబడి ఉండేవాణ్ణి. పళ్ళాలు పట్టుకుని వరసగా కూర్చునేవారు. కోడిగుడ్డు రోజున ఒక పిల్ల తను తినదని తెల్లసొన ఒకరికి, పచ్చసొన ఒకరికి పంచేది, ఎవరికి ఏది ఇష్టమో దానికి తెలుసు. మేట్ అనే మాటకి అర్థం అక్కడ చూశాను నేను, నిఘంటువులో కాదు.

ఇంకో తమాషా. ఇప్పుడు పుస్తకాల షాపుకి వెళ్ళి క్లాస్‌మేట్ ఇవ్వండి అంటే నోటుబుక్కు ఇస్తారు. ఐటీసీ వాళ్ళు 2003లో ఆ పేరుతో నోటుబుక్కులు తెచ్చారు కదా. నేటి పిల్లలకి క్లాస్‌మేట్ ముందు పుస్తకం, తర్వాతే మనిషి.

తెలంగాణ వైపు పెద్దవాళ్ళని అడగండి, ఇంకో మాట దొరుకుతుంది. నిజాం కాలంలో సర్కారీ చదువు ఉర్దూలో సాగింది, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా ఉర్దూలోనే చెప్పేవారు. అందుకని క్లాసుని జమాత్ అనేవారు. నాలుగో జమాత్ చదివిన, ఏడో జమాత్ల బడి ఇడిసిపెట్టిన అని ఆ తరం వాళ్ళు చెప్పుకోవడం నేను విన్నాను. కలిసి చదివినవాడు హమ్‌జమాత్. జమాత్ అంటే గుంపు, సమూహం, అది అరబీ. హమ్ మాత్రం పారశీకం, అది మన సమకి సొంత చుట్టం. సంస్కృతంలో స ఉన్నచోట చాలాసార్లు పారశీకంలో హ ఉంటుంది. సప్తకి హఫ్త, సింధుకి హింద్, అలాగే సమకి హమ్. హఫ్తా అంటే ఏడు రోజులు, వారం. కాబట్టి హమ్‌జమాతూ మన సతీర్థ్యుడూ ఒకే తీరున కట్టిన మాటలు, ముందు ఒకే అని పెట్టి పక్కన పంచుకున్నదేదో చెప్పడం. ఒకరు రేవుని పంచుకున్నారు, ఒకరు గుంపుని.

మిగతా భాషల్లో ఎక్కువగా సహపాఠి నడుస్తుంది. హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం అన్నిట్లోనూ అదే. తెలుగులోనూ అడపాదడపా కనిపిస్తుంది, తప్పేమీ లేదు. మరాఠీ వాళ్ళు వర్గమిత్ర అంటారు, వర్గం అంటే క్లాసు.

ఇక మూడో ప్రశ్న, అచ్చ తెలుగు మాట ఎందుకు లేదు. మనకి మాట కట్టుకోవడం చేతకాక కాదు. తోడు పెట్టి ఎన్ని కట్టుకున్నామో చూడండి: తోడికోడలు, తోడల్లుడు, తోడబుట్టినవాడు, తోడిపెళ్ళికూతురు. పెళ్ళిపీటల దగ్గర ఒక గంట పక్కన కూర్చునే పిల్లకి కూడా మాట ఉంది. పదేళ్ళు పక్కన కూర్చున్నవాడికి లేదు! చాలాకాలం ఇది నాకు అంతుపట్టలేదు.

నాకు తోచిన కారణం ఇది. క్లాస్‌మేట్ అనే మాట పుట్టాలంటే ముందు క్లాసు ఉండాలి, అంటే ఒకే ఏడు చేరి ఒకే ఏడు పాసయ్యే పిల్లల గుంపు. మన పాత వీధిబళ్ళలో అది లేదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలో చదువుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది, కాబట్టి తెలుగు బళ్ళు, కన్నడ బళ్ళు రెండూ అందులో వచ్చాయి. మొత్తం 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున 12 మంది. పొద్దున ఆరింటికి బడి. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు, మెచ్చుకోలూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్ణించి వచ్చేవాడికల్లా ఒకటి ఎక్కువ. ఆ లెక్కన 12వవాడికి పది. సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవి, కానీ ఏడాది తిరిగిందని పైకి తోయడం కాదు, ఎవడికి ఎంత వస్తే వాడు అంత పైకి. కింది వాళ్ళకి పెద్ద పిల్లలే చెప్పేవారు.

ఇప్పుడు చెప్పండి, అరుగు మీద 12 మంది, అందరూ ఆ ఊరివాళ్ళే, అందులో ఒకడు మీ పెదనాన్న కొడుకు, ఒకడు ఎదురింటివాడు, ఒకడు మీకు ఓనమాలు ఇసుకలో దిద్దించిన పెద్దపిల్లవాడు. వీళ్ళని కలిపి ఒక పేరు పెట్టాల్సిన అవసరం ఏముంది? పేరు పెట్టి పిలుస్తారు, లేదా అన్నా బావా అంటారు. నలభై మంది, యాభై మంది ముక్కూ మొహం తెలియని పిల్లలు హాజరుపట్టీలో పక్కపక్కన నిలబడ్డాకే ఆ మాట కావలసి వచ్చింది. అది ఇంగ్లీషు చదువుతో వచ్చింది కాబట్టి మాట కూడా దానితోనే దిగింది. పండితులు మాత్రం పుస్తకంలో ఉన్న సహాధ్యాయిని దుమ్ము దులిపి దాని పక్కన నిలబెట్టారు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోతే వాదించండి, కానీ 533 బళ్ళ లెక్క ఒకసారి గుర్తుంచుకుని వాదించండి.

అయినా మాట లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. మనం ఏమంటాం? మాతో చదివినవాడు. మా బళ్ళోవాడు. మా బెంచీవాడు. మొన్న బస్టాండులో ఒకతను నా చెయ్యి పట్టుకుని పక్కవాడికి "వీడూ నేనూ మాస్టారి దగ్గరే కలిసి చదివాంరా" అని చూపించాడు, అతను వీడు అన్న ఆ మనిషికి జుట్టంతా నెరిసింది. ఆ ఒక్క వాక్యంలో సహాధ్యాయీ ఉన్నాడు, సతీర్థ్యుడూ ఉన్నాడు. తమిళంలో 13వ శతాబ్దపు వ్యాకరణం నన్నూల్ ఉంది, అందులో ఒక పుస్తకానికి పీఠిక ఎవరు రాయవచ్చో చెప్తారు. రాసినవాడి గురువు, రాసినవాడితో చదివినవాడు, అతని శిష్యుడు, వ్యాఖ్యానం రాసినవాడు. ఆ రెండోవాడికి అక్కడ వాడిన మాట తన్నొడు కట్రోన్, తనతో నేర్చినవాడు అని. ఏ సంస్కృత సమాసమూ లేదు, మన బస్టాండు మాటే. వ్యాకరణం రాసేవాడికి సరిపోయిన మాట మీ రీయూనియన్‌కి సరిపోదా?

సహాధ్యాయుడు అనవచ్చా అని మీ గ్రూపులో ఇంకెవరో అడిగినట్టున్నారు. అది బహువచనం చూసి వెనక్కి కట్టుకున్న మాట అని నా అనుమానం. ఉపాధ్యాయులకి ఉపాధ్యాయుడు, కాబట్టి సహాధ్యాయులకి సహాధ్యాయుడు అనుకున్నారు. కానీ యోగులకి యోగుడు అనం కదా, యోగి అంటాం. ఇదీ అంతే, సహాధ్యాయి. చాలా రచనల్లో సహాధ్యాయుడు కనిపిస్తుంది, దాని మీద నేను మార్కులు కొట్టేసేవాణ్ణి కాదు. ఆడపిల్ల అయితే సహాధ్యాయిని, కానీ ఇప్పుడు సహాధ్యాయి అని అందరికీ వాడేస్తున్నారు, నాకు అదే బాగుంది. బహువచనంలో ఆ చిక్కే లేదు.

మీ బ్యానర్‌కి నేనైతే 'మాతో చదివినవాళ్ళు, మాకు చదువు చెప్పినవాళ్ళు' అని పైన పెద్దగా, కింద '1998 పదో తరగతి సహాధ్యాయుల కలయిక' అని చిన్నగా వేయిస్తాను. మీ మాస్టారి పదవీ విరమణ సభలాంటిది పెట్టి అన్ని ఏళ్ళ పిల్లల్నీ పిలిస్తే అప్పుడు సతీర్థ్యులు అనండి, దానికి అదే సరైన చోటు. క్లాస్‌మేట్స్ అని వేసినా నేనేమీ అనుకోను, తప్పు తెలుగు కంటే ఒప్పు ఇంగ్లీషు నయం.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో టైపు చేసి పంపించి ఊరుకోకండి. ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు వాళ్ళ సొంత ఫాంట్లు ఉంటాయి, మీరు పంపింది అతకక కుర్రాడు మళ్ళీ కొడతాడు, తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. మీలో ఒకరు వెళ్ళి పక్కన కూర్చోండి. సహాధ్యాయిలో ధ కింద నిలువు గీత ఉండాలి, పొట్టలో చుక్క ఉండకూడదు. సతీర్థ్యులు వేయిస్తే మాత్రం అందులోని థకి గీతా ఉండాలి, చుక్కా ఉండాలి.